స్నోమొబైల్‌లో ఇంజిన్ మార్చాక క్లచ్‌లు, గేరింగ్ సెట్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్నోమొబైల్ అంటే ట్రాక్ అనే రబ్బరు పట్టీతో మంచు మీద నడిచే బండి. కొత్త ఇంజిన్ దాని ఛాసిస్‌లో కూర్చుంది. స్టార్ట్ అయింది, లీకులు లేవు, వైరింగ్ కుదిరింది. తీరా మంచు మీదకి తీసుకెళ్లి థ్రాటిల్ నొక్కితే, అరుపే తప్ప లాగుడు లేదు. లేదంటే బండి ముక్కుతూ ముక్కుతూ కదులుతుంది, పది నిమిషాలకి బెల్ట్ కాలిన వాసన వస్తుంది. ఇంజిన్ మార్పిడిలో సగం పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. దాని గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవి.

పాత క్లచ్‌లు నిన్నటిదాకా బాగానే పనిచేశాయి. ఇంజిన్ మార్చినంత మాత్రాన వాటిని ఎందుకు కదపాలి?

అవి బాగా పనిచేసింది పాత ఇంజిన్‌తో. స్నోమొబైల్‌లో మనం గేర్లు మార్చం. ఇంజిన్ చివర ఉండే ప్రైమరీ క్లచ్, జాక్‌షాఫ్ట్ (శక్తిని ట్రాక్ వైపు పంపే ఇరుసు) మీదుండే సెకండరీ క్లచ్, వాటి మధ్య బెల్ట్ కలిసి రేషియోని వాటంతట అవే మారుస్తుంటాయి. ప్రైమరీలోని ఫ్లైవెయిట్లు అనే చిన్న బరువులు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగేకొద్దీ బయటికి విసురుకుని షీవ్‌లను, అంటే బెల్ట్‌ని రెండు పక్కలా పట్టే పళ్లేలను, దగ్గరికి నొక్కుతాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది. సెకండరీలోని స్ప్రింగ్, హెలిక్స్ (వాలుగా కోసిన ర్యాంపులున్న భాగం) దాన్ని వెనక్కి పట్టి ఉంచుతాయి. ఇదొక తాడు లాగే పందెం. రెండు జట్ల బలం ఎక్కడ సమానమైతే ఇంజిన్ ఆ ఆర్‌పీఎం దగ్గర నిలబడుతుంది.

కంపెనీవాళ్లు ఆ నిలబడే చోటుని పాత ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్‌పీఎంకి సరిపోయేలా అమర్చారు. కొత్త ఇంజిన్ పవర్ వేరే చోట ఉంటుంది, టార్క్, అంటే తిప్పే బలం, వేరేగా ఉంటుంది. క్లచ్‌కి ఆ సంగతి తెలియదు. పాత అంకె దగ్గరే ఇంజిన్‌ని పట్టి ఉంచాలని చూస్తుంది.

అయితే మొదట ఏది సరిచేయాలి?

అలైన్‌మెంట్ (రెండు క్లచ్‌లూ ఒకే వరుసలో ఉండటం), గేరింగ్ (స్ప్రాకెట్లు, అంటే పళ్ల చక్రాల రేషియో), ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం, సెకండరీ, చివర్లో ఎంగేజ్‌మెంట్ (ప్రైమరీ బెల్ట్‌ని పట్టుకునే ఆర్‌పీఎం). ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. గేరింగ్ మారిస్తే ఇంజిన్ మీద పడే లోడు మారుతుంది, లోడు మారితే ఆర్‌పీఎం కొంత కదులుతుంది. ముందు వెయిట్లు సరిచేసి తర్వాత స్ప్రాకెట్ మార్చారంటే ఆ వెయిట్ల పని దండగే.

ఒకసారి ఒక్కటే మార్చండి. వెయిట్లు, స్ప్రింగ్, హెలిక్స్ ఒకేసారి మార్చి, బండి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. పాడైతే మరీ తెలియదు.

ఏ ఆర్‌పీఎం లక్ష్యంగా పెట్టుకోవాలి?

కొత్త ఇంజిన్ గరిష్ఠ హార్స్‌పవర్ ఇచ్చే ఆర్‌పీఎం. రెడ్‌లైన్‌ని, అంటే ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎంని, లక్ష్యంగా పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఆ ఇంజిన్‌కి సంబంధించిన సర్వీస్ మాన్యువల్‌లో ఈ అంకె ఉంటుంది, డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటు ఉంటే ఇంకా మంచిది. 600 నుంచి 850 సీసీ టూ-స్ట్రోక్‌లలో చాలావాటికి ఇది 8,000 అటూ ఇటూగా ఉంటుంది. ఫోర్-స్ట్రోక్‌ల సంగతి ఒక్క మాటలో చెప్పలేం. కొన్ని 7,250 దగ్గరే పూర్తి పవర్ ఇచ్చేస్తాయి, కొన్ని 8,500 దాటాక గానీ మేల్కోవు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2003లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్-1, ఆ తర్వాతి అపెక్స్ లాంటి నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో క్రాంక్‌కీ క్లచ్ షాఫ్ట్‌కీ మధ్య రిడక్షన్ గేర్ ఉంటుంది. టాకోమీటర్ చూపేది క్రాంక్ వేగం, క్లచ్ అంతకంటే నెమ్మదిగా తిరుగుతుంది. అలాంటి ఇంజిన్‌ని వేరే ఛాసిస్‌లో పెట్టినప్పుడు వెయిట్లకైనా, స్పీడ్ లెక్కకైనా క్లచ్ షాఫ్ట్ వేగాన్నే తీసుకోవాలి. మీటర్ మీది అంకెతో లెక్కేస్తే గేరింగ్ మొదట్లోనే గాడి తప్పుతుంది.

టూ-స్ట్రోక్‌లో ఇంకో మెలిక ఎగ్జాస్ట్ పైపుది. పైపు చల్లగా ఉన్నప్పుడు పవర్ పీక్ కాస్త కింద ఉంటుంది, వేడెక్కాక పైకి జరుగుతుంది. అందుకే చల్లటి బండితో ఒక్క పరుగు తీసి తీర్పు చెప్పకూడదు.

పాత ప్రైమరీ క్లచ్‌నే కొత్త ఇంజిన్‌కి బిగించొచ్చా?

ముందు టేపర్ చూడాలి. క్రాంక్ చివర కోన్‌లా సన్నబడే భాగం కోణం, సైజు, బోల్ట్ మర అన్నీ బ్రాండ్‌ని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారతాయి. దాదాపు కూర్చుంది అనిపించే క్లచ్ అన్నిటికంటే ప్రమాదం. కాసేపు తిరిగాక వదులై టేపర్‌ని కొరికేస్తుంది, క్రాంక్ పోతుంది. అనుమానముంటే టేపర్ మీద మార్కింగ్ బ్లూ పలచగా రాసి, క్లచ్ తొడిగి తీసి చూడండి. రంగు చుట్టూ సమంగా అంటాలి. ఒక చివరే అంటితే ఆ క్లచ్ ఆ ఇంజిన్‌ది కాదు.

బిగించేటప్పుడు రెండు ముఖాలనీ ఆల్కహాల్‌తో తుడిచి పొడిగా పెట్టాలి. టేపర్ మీద గ్రీజు గానీ యాంటీ-సీజ్ (పట్టేయకుండా పూసే పేస్టు) గానీ పూయకూడదు. మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ఇచ్చి, ఒకసారి నడిపి చల్లారాక మళ్లీ సరిచూడాలి.

టేపర్ కుదిరినా మరో మాట. రెండు, మూడు సిలిండర్ల పెద్ద ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ క్రాంక్ చివర ఇచ్చే కుదుపులు టూ-స్ట్రోక్ కంటే చాలా మొరటుగా ఉంటాయి. టూ-స్ట్రోక్ కోసం తేలిగ్గా చేసిన ప్రైమరీలో బుషింగులు, రోలర్లు, స్పైడర్ బటన్లు వాటికి తొందరగా అరిగిపోతాయి. నా మట్టుకు, కుదిరినప్పుడల్లా ఇంజిన్‌తో పాటు దాని ప్రైమరీనే తెచ్చుకుని, సెకండరీని బెల్ట్‌కి తగ్గట్టు చూసుకోవడమే మేలనిపిస్తుంది.

బెల్ట్ ఏది వాడాలి? పాత బెల్ట్ సరిపోతుందా?

బెల్ట్ వెడల్పు, దాని పక్కల కోణం ప్రైమరీ, సెకండరీ రెండింటి షీవ్‌లకీ కుదరాలి. పొడవు రెండు షాఫ్టుల మధ్య దూరాన్ని బట్టి వస్తుంది. ఒక బ్రాండ్ ప్రైమరీ, ఇంకో బ్రాండ్ సెకండరీ కలిపారంటే షీవ్ కోణాలు సరిపోతున్నాయో లేదో ముందు కొలవాలి. లేకపోతే బెల్ట్ ఒక అంచు మీదే నడుస్తుంది. మౌంట్లు మీరే తయారుచేసుకుంటుంటే ముందు బెల్ట్ ఎంచుకుని, దానికి తగిన దూరంలో ఇంజిన్‌ని కూర్చోబెట్టడం తేలిక. ఇంజిన్ బిగించేశాక దానికి సరిపడే బెల్ట్ కోసం వెతకడం నరకం.

అలైన్‌మెంట్ ఎంత కచ్చితంగా ఉండాలి?

ఇంజిన్ మార్పిడుల్లో బెల్ట్‌లు తెగిపోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. మూడు కొలతలు చూడాలి: షాఫ్టుల మధ్య దూరం, రెండు షీవ్‌ల మధ్య ఆఫ్‌సెట్ (పక్కకి జరిగిన తేడా), రెండు షాఫ్టులూ సమాంతరంగా ఉన్నాయా లేదా. మీ క్లచ్ జతకి సరిపడే అలైన్‌మెంట్ బార్ దొరికితే అదే వాడండి. కంటితో చూసి బాగానే ఉందనుకోవద్దు.

ఆగి ఉన్నప్పుడు సరిగ్గా ఉన్నది లోడు పడ్డాక ఉండకపోవచ్చు. ఫుల్ థ్రాటిల్‌లో బెల్ట్ ఇంజిన్‌ని సెకండరీ వైపు లాగుతుంది. రబ్బరు మౌంట్లు మెత్తగా ఉంటే ఇంజిన్ కొన్ని మిల్లీమీటర్లు మెలి తిరుగుతుంది, అలైన్‌మెంట్ చెడుతుంది, బెల్ట్ వదులవుతుంది. చాలా ఫ్యాక్టరీ బండ్లలో దీన్ని ఆపడానికి టార్క్ స్టాపర్ ఉంటుంది. మార్పిడి చేసేవాళ్లు మరిచిపోయే భాగాల్లో ఇది మొదటిది.

గేర్ రేషియో ఎలా లెక్కేయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. చైన్‌కేస్‌లో, అంటే జాక్‌షాఫ్ట్ నుంచి ట్రాక్ వైపు చైన్ నడిచే పెట్టెలో, పైన 21 పళ్ల స్ప్రాకెట్, కింద 40. రేషియో 40 ÷ 21, అంటే 1.905. ట్రాక్‌ని తిప్పే డ్రైవర్‌కి 8 పళ్లు, ట్రాక్ పిచ్ (ఒక పన్ను నుంచి తర్వాతి పన్నుకి దూరం) 2.86 అంగుళాలు. కాబట్టి డ్రైవర్ ఒక చుట్టు తిరిగితే ట్రాక్ 22.88 అంగుళాలు, అంటే సుమారు 58.1 సెంటీమీటర్లు కదులుతుంది.

పాత ఇంజిన్ పీక్ 8,000 అనుకుందాం. క్లచ్‌లు 1:1 దగ్గర, అంటే రెండూ ఒకే వేగంతో తిరుగుతూ ఉన్నప్పుడు డ్రైవర్ వేగం 8,000 ÷ 1.905, సుమారు 4,200 చుట్లు. దాన్ని 0.581 మీటర్లతో హెచ్చిస్తే నిమిషానికి 2,440 మీటర్లు, గంటకి దాదాపు 146 కిలోమీటర్లు.

ఇప్పుడు 7,250 దగ్గర పీక్ ఉన్న ఫోర్-స్ట్రోక్ పెట్టారు, స్ప్రాకెట్లు అవే. అదే 1:1 దగ్గర వేగం సుమారు 133కి పడిపోతుంది. ఇంజిన్‌లో బలం ఉంది, టార్క్ ఉంది, కానీ గేరింగ్ పొట్టిగా (వేగం తక్కువయ్యేలా) ఉండి దాన్ని కట్టేసింది. పైన 23, కింద 40 పెడితే రేషియో 1.739 అవుతుంది, వేగం మళ్లీ 145 దగ్గరికి వస్తుంది.

పీక్ ఎక్కువ ఆర్‌పీఎంలో ఉన్న ఇంజిన్ పెడితే దీనికి తిరగేసి చేయాలి.

లెక్క 146 అంది, బండి అంత పోవడం లేదు. ఎందుకు?

లెక్కలో ట్రాక్ జారడం లేదు, మంచు లోతు లేదు, గాలి లేదు. పైగా 1:1 అనేది ఒక మజిలీ మాత్రమే. చాలా క్లచ్‌లు దాన్ని దాటి 0.8 దగ్గరి దాకా షిఫ్ట్ అవుతాయి. కాబట్టి కాగితం మీద ఈ గేరింగ్‌తో 180 దాటొచ్చు. నిజంలో అక్కడిదాకా చేరేది గట్టి మంచు మీద, గడ్డకట్టిన సరస్సుల మీద మాత్రమే. లోతు మంచులో, కొండ ఎక్కేటప్పుడు క్లచ్‌లు 1:1కి చేరకుండానే రోజంతా గడిచిపోతుంది. అందుకే లోతు మంచులో నడిపేవాళ్లు పొట్టి గేరింగ్‌తో సుఖపడతారు. బెల్ట్ చల్లగా ఉంటుంది, క్లచ్ తన పరిధి మధ్యలో పనిచేస్తుంది.

స్ప్రాకెట్లు మారిస్తే చైన్ కూడా మార్చాలా?

రెండు స్ప్రాకెట్ల పళ్లు కలిపి 2 పెరిగితే చైన్ సుమారు 1 పిచ్ ఎక్కువ కావాలి. చైన్లు సరి సంఖ్య లింకుల్లోనే వస్తాయి. చిన్న తేడాని టెన్షనర్ సర్దుకుంటుంది, పెద్ద తేడాకి కొత్త చైన్ తప్పదు. పవర్ బాగా పెరిగితే వెడల్పు చైన్ పెట్టుకోవడం తెలివైన పని. పొలారిస్ ఆర్‌ఎంకేల్లో వచ్చే క్విక్‌డ్రైవ్‌లో చైన్ బదులు పళ్ల బెల్ట్ ఉంటుంది, అక్కడ పుల్లీలని, బెల్ట్‌ని జతగా ఎంచుకోవాలి.

ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం లక్ష్యాన్ని దాటిపోతోంది, లేదా చేరడం లేదు.

దాటిపోతుంటే ఫ్లైవెయిట్లు బరువు పెంచండి. చేరకపోతే తగ్గించండి. ఒక్కో వెయిట్‌లో 1 గ్రాము మారిస్తే 100 నుంచి 200 ఆర్‌పీఎం దాకా కదలొచ్చు, క్లచ్‌ని బట్టి. వెయిట్లన్నీ ఒకే బరువుండాలి. రివెట్లు, వాషర్లతో సర్దేవి అయితే నగల త్రాసు లాంటి కచ్చితమైన త్రాసు మీద తూచండి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే క్లచ్ వణుకుతుంది.

బరువు ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. వెయిట్ మొదట్లో, అంటే పిన్ దగ్గర ఉన్న బరువు పరుగు మొదట్లో పనిచేస్తుంది, కొనలో ఉన్నది పై వేగంలో. పరుగు మొదట్లో ఆర్‌పీఎం సరిగ్గా ఉండి చివర్లో పెరిగిపోతుంటే మొత్తం బరువు పెంచకుండా కొనలో కొంచెం కలపండి.

స్కీ-డూ టీఆర్‌ఏ క్లచ్ వాడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. 1 నుంచి 6 దాకా క్లిక్కర్లు ఉంటాయి, ఒక్కో మెట్టు సుమారు 200 ఆర్‌పీఎం. ముందు పిన్‌లు, ర్యాంప్‌లు దాదాపు కుదుర్చుకుని, చివరి సవరణ క్లిక్కర్లతో చేసుకోవాలి.

చూడాల్సింది ఒక్క క్షణంలో వచ్చిన గరిష్ఠ అంకెని కాదు. మంచి సెటప్‌లో థ్రాటిల్ నొక్కిన కాసేపటికే సూది లక్ష్యం దగ్గర ఆగుతుంది, వేగం పెరుగుతూనే ఉంటుంది, సూది మాత్రం కదలదు.

ప్రైమరీ స్ప్రింగ్ మీద 140/330 అని ఉంటుంది. ఏమిటది?

మొదటిది ఎంగేజ్‌మెంట్ దగ్గర స్ప్రింగ్ బలం, రెండోది పూర్తిగా షిఫ్ట్ అయినప్పటి బలం, పౌండ్లలో. మొదటి అంకె పెంచితే బెల్ట్‌ని పట్టుకునే ఆర్‌పీఎం పెరుగుతుంది. రెండోది పెంచితే పై వేగంలో ఆర్‌పీఎం పెరుగుతుంది. కింద ఆర్‌పీఎంలోనే టార్క్ ఉన్న ఫోర్-స్ట్రోక్‌కి టూ-స్ట్రోక్ స్ప్రింగ్ వదిలేస్తే, ఎంగేజ్ అయ్యేటప్పుడు బండి ఎగిరిపడుతుంది, బెల్ట్ మీద గుర్తులు పడతాయి. మొదటి అంకె తగ్గించండి.

హెలిక్స్ ఎప్పుడు మార్చాలి?

ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం సరైపోయాక, అంతకుముందు కాదు. హెలిక్స్ ఇంజిన్ టార్క్‌ని గ్రహించి బెల్ట్‌ని పిండుతుంది. కోణం పెద్దదైతే త్వరగా పైకి షిఫ్ట్ అవుతుంది, ఆర్‌పీఎం తగ్గుతుంది, కానీ థ్రాటిల్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు కిందికి దిగిరావడానికి బద్ధకిస్తుంది. కోణం చిన్నదైతే దీనికి తలకిందులు. 50/40 లాంటి అంకె ఉంటే 50 డిగ్రీలతో మొదలై 40కి తగ్గుతుందని అర్థం. మొదట్లో దూకుడు, తర్వాత పట్టు.

టార్క్ ఎక్కువున్న ఇంజిన్ తట్టుకుంటుంది కాబట్టి పెద్ద కోణం పెట్టొచ్చు. చెట్ల మధ్య, మలుపుల్లో నడిపేవాళ్లకి మాత్రం నేను కాస్త చిన్న కోణమే చెప్తాను. బ్యాక్‌షిఫ్ట్ (అలా కిందికి దిగిరావడం) బాగుంటే బండి పవర్ కంటే ఎక్కువ చురుగ్గా అనిపిస్తుంది.

ఇంజిన్ తిరిగే దిశ కూడా ఇక్కడ చూసుకోవాలి. హెలిక్స్ ర్యాంపులు ఒక దిశకే కోసి ఉంటాయి. స్నోమొబైల్‌ది కాని ఇంజిన్ ఏదైనా పెట్టి అది వెనక్కి తిరిగేదైతే, ట్రాక్ కూడా వెనక్కే తిరుగుతుంది, సెకండరీ బెల్ట్‌ని పిండదు.

క్లచ్ పూర్తిగా షిఫ్ట్ అవుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే చవకైన పరికరం మార్కర్ పెన్. ప్రైమరీ షీవ్ ముఖం మీద మధ్య నుంచి అంచుదాకా ఒక గీత గీయండి. వెళ్లి ఫుల్ థ్రాటిల్‌లో ఒక పొడవైన పరుగు తీసి, ఆగి, గార్డు తెరిచి చూడండి. బెల్ట్ ఎంతవరకు ఎక్కిందో అంతవరకు సిరా చెరిగిపోయి, మిగిలినది అంచు దగ్గర నల్లగా నిలిచి ఉంటుంది.

అంచుదాకా చెరిగిపోయి, ఆర్‌పీఎం ఇంకా పెరుగుతూ ఉంటే క్లచ్‌కి ఇక చోటు లేదు, గేరింగ్ పొట్టిగా ఉంది. వేగం ఆగిపోయి, ఆర్‌పీఎం లక్ష్యం దగ్గరే ఉండి, అంచు దగ్గర వెడల్పాటి గీత మిగిలితే గేరింగ్ మరీ పొడుగ్గా ఉంది. మరీ చిన్న గీత మిగలడం నాకు నచ్చుతుంది, మంచు ఇంకాస్త గట్టిపడిన రోజుకి చోటుంటుంది.

బెల్ట్ వేడెక్కుతోంది, తెగుతోంది.

ఆగిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు షీవ్‌లూ చూడండి. 80 డిగ్రీల సెల్సియస్ లోపుంటే నిశ్చింత. 100 దాటుతుంటే బెల్ట్ ఎక్కువ రోజులు ఉండదు. సెకండరీ బాగా వేడిగా ఉంటే పిండడం చాలడం లేదు: స్ప్రింగ్ గట్టిది కావాలి లేదా హెలిక్స్ కోణం తగ్గాలి. ప్రైమరీ వేడిగా ఉంటే ఎంగేజ్‌మెంట్ దగ్గర జారుతోంది, లేదా గేరింగ్ పొడుగై క్లచ్ కింది రేషియోలోనే నలిగిపోతోంది. రెండూ వేడైతే అలైన్‌మెంట్‌కి తిరిగి వెళ్లండి. ఇంజిన్ పెద్దదై క్లచ్ కవర్‌కి గాలి దారి మూసుకుపోయిందేమో కూడా చూడండి.

కొత్త బెల్ట్‌ని వేడి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, మొదటి 50 కిలోమీటర్లు వేగం మారుస్తూ మెల్లగా నడపండి.

ఎత్తు ప్రదేశాలకి వెళ్తే సెటప్ మార్చాలా?

టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్లకి సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. 2,400 మీటర్ల దగ్గర దాదాపు నాలుగో వంతు. వెయిట్లు తగ్గించాలి, చాలాసార్లు గేరింగ్ కూడా పొట్టి చేయాలి. టర్బో ఈ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది, కానీ బూస్ట్ అందుకునేలోపు ఒకలా, అందుకున్నాక ఒకలా ఉంటుంది. అక్కడ కొనలో బరువున్న వెయిట్లు ఉపయోగపడతాయి: బూస్ట్ రాకముందు ఇంజిన్‌ని నొక్కెయ్యవు, వచ్చాక ఆర్‌పీఎంని ఎగిరిపోనివ్వవు.

అదే మార్పిడి చేసినవాళ్ల వెయిట్లు, హెలిక్స్ అంకెలు దొరికాయి. పెట్టేయొచ్చా?

మొదలుపెట్టడానికి బాగుంటాయి. ఆ ట్రాక్ పొడవు, లగ్ (ట్రాక్ మీది రబ్బరు పన్ను) ఎత్తు, నడిపేవారి బరువు, ఎత్తు, మంచు రకం అన్నీ మీవే అయితే తప్ప అక్కడే ఆగకండి. అవతలివారు ఏ ఆర్‌పీఎంకి ట్యూన్ చేశారో చెప్పకపోతే ఆ అంకెలకి విలువే లేదు.

పరీక్షించేటప్పుడు జాగ్రత్తలు?

బెల్ట్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చేయకండి. లోడు లేక ఆర్‌పీఎం అమాంతం ఎగురుతుంది, ప్రైమరీ షీవ్‌లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి, పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. గార్డు తీసి పరీక్షించడం కూడా అంతే. పైన లెక్కలో 8,000 ఆర్‌పీఎంలో క్లచ్ 0.8కి చేరితే సెకండరీ, దాంతో జాక్‌షాఫ్ట్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతాయి. కొత్త ఇంజిన్ ఇంకా ఎక్కువ ఆర్‌పీఎంలో నడిచేదైతే జాక్‌షాఫ్ట్ బేరింగులు, దాని మీదే బ్రేక్ డిస్క్ ఉంటే అదీ ఆ వేగానికి తగినవేనా అని ముందే చూసుకోండి.

స్టాండ్ మీద ట్రాక్ తిప్పేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. స్టడ్లు (ట్రాక్‌కి బిగించిన మేకులు), మంచు గడ్డలు ఊడి ఆ దారినే వస్తాయి.